జీవిత ఆద్యంతాలు: అగస్టీన్ ఆత్మకథలో క్రైస్తవ సమాధానం

క్రైస్తవ మతాన్ని గురించి ముస్లిం రచయితలు చేసే విమర్శలలో అధికభాగం త్రిత్వంతో మొదలై త్రిత్వంతోనే ముగుస్తుంది. అది ముఖ్యవిషయమే. తౌహీద్‌ను ప్రాణప్రదంగా భావించే సముదాయం దానిని ఉపేక్షించలేదు. కాని ఒక సామాన్య క్రైస్తవుడు తన విశ్వాసాన్ని గట్టిగా పట్టుకొని ఉండడానికి కారణం త్రిత్వ సిద్ధాంతంలోని తర్కం కాదు. తాను ఎక్కడి నుండి వచ్చాడు, ఎందుకు ఇలా ఉన్నాడు, ఎక్కడికి పోతున్నాడు అనే ప్రశ్నలకు ఆ విశ్వాసం అతనికి ఒక సమాధానం ఇస్తున్నది. ఆ సమాధానాన్ని దాని ఉత్తమరూపంలో వినకుండా చేసే ఖండన ఎదుటివాని హృదయాన్ని చేరదు. గ్రంథ ప్రజలతో ఉత్తమమైన రీతిలోనే వాదించాలని దివ్య ఖుర్ఆన్ (అల్ అన్‌కబూత్: 46) ఆదేశించింది. ఎదుటివాడు చెప్పేదేమిటో సరిగా గ్రహించడమే ఆ రీతికి మొదటి మెట్టు.

క్రైస్తవ సమాధానాన్ని ఉత్తమరూపంలో చూడదలచిన వారికి సెయింట్ అగస్టీన్ లాటిన్ భాషలో వ్రాసిన 'కన్ఫెషన్స్' అనే గ్రంథం అన్నివిధాలా తగినది. సుమారు క్రీ.శ. 397, 400 మధ్య వెలువడిన ఈ పుస్తకం పాశ్చాత్య క్రైస్తవ చింతనకు పునాదిరాళ్లలో ఒకటి. కథోలికులూ, ప్రొటెస్టెంట్లూ అనేక విషయాలలో విడిపోయినా, అగస్టీన్‌ను తమవాడనే ఇరువురూ చెప్పుకొంటారు.

గ్రంథకర్త, గ్రంథం

అగస్టీన్ క్రీ.శ. 354లో ఉత్తరాఫ్రికాలోని తగాస్తె పట్టణంలో జన్మించాడు. ఆ ఊరు నేటి అల్జీరియాలోని సూఖ్ అహ్రాస్. తండ్రి పత్రీషియస్ బహుదేవతారాధకుడు; మరణానికి కొద్దికాలం ముందే క్రైస్తవుడైనాడు. తల్లి మోనికా నిష్ఠగల క్రైస్తవురాలు. అగస్టీన్ అలంకారశాస్త్ర పండితుడై, సుమారు తొమ్మిదేళ్లు మానీ మతాన్ని అనుసరించాడు. వెలుగు, చీకటి అనే రెండు శక్తులు అనాదిగా పోరాడుతున్నాయనీ, మనిషిలోని చెడు ఆ చీకటిశక్తి పని అనీ ఆ మతం బోధించేది. తరువాత మిలాన్ నగరంలో అధ్యాపకుడుగా ఉండగా, క్రీ.శ. 386లో అతని జీవితం మలుపు తిరిగింది. 387 ఈస్టర్ సమయంలో జ్ఞానస్నానం పొందాడు. అనంతరం హిప్పో నగరానికి బిషప్ అయి, వాండల్ సేనలు ఆ నగరాన్ని ముట్టడించి ఉండగా 430లో మరణించాడు.

ఈ వృత్తాంతం చదివే ముస్లిం పాఠకునికి ఇమామ్ గజాలీ (రహిమహుల్లాహ్) గుర్తుకు రాకమానరు. హి.శ. 488లో, అనగా క్రీ.శ. 1095లో, బాగ్దాద్‌లోని నిజామియా పీఠంలో ఉండగా ఆయన నాలుక పాఠం చెప్పడానికి లేవలేదు. ఆ సంగతి ఆయనే 'అల్ మున్ఖిజ్ మినజ్జలాల్'లో వ్రాశారు. అంతకు ఏడువందల సంవత్సరాల క్రితం, రొమ్ము జబ్బుతో గొంతు సహకరించక మిలాన్ అధ్యాపకుడు కూడా తన పీఠాన్ని విడిచిపెట్టాడు. మాటలే వృత్తిగా గల ఇద్దరు పండితులు మాట పోయిన ఘడియలో తమ గమ్యాన్ని గురించి ఆలోచించారు.

'కన్ఫెషన్స్' అనే పేరును తెలుగులో 'పాపపు ఒప్పుకోలు' అంటే సగం అర్థమే వస్తుంది. లాటిన్‌లో ఆ మాటకు తప్పును ఒప్పుకోవడం ఒక అర్థం, దేవుని ఘనతను ప్రకటించడం మరొక అర్థం. ఈ రెండూ ఒకేచోట కూడడం ముస్లింలకు కొత్తకాదు. అన్నస్ర్ సూరాలో హమ్ద్, ఇస్తిగ్ఫార్ ఒకే ఆయత్‌లో జంటగా ఉన్నాయి. ప్రభువును స్తుతించమనీ, ఆయనను క్షమాభిక్ష కోరమనీ అక్కడ ఒకే ఆదేశం. ఈ మేరకు అగస్టీన్ పుస్తకం ఒక దాసుడు తన ప్రభువుతో జరిపిన మునాజాత్ వంటిది.

ఆరంభాన్ని గురించి

గ్రంథంలో 13 భాగాలున్నాయి. మొదటి తొమ్మిదీ జీవితకథ. పదవది జ్ఞాపకశక్తిని గూర్చిన విచారణ. చివరి మూడూ తౌరాతులోని సృష్టి వృత్తాంతానికి వ్యాఖ్యానం. ఆత్మకథకు సృష్టి వ్యాఖ్యానం ఎందుకు తగిలించాడని చాలామంది పాఠకులు విస్తుపోతారు. కాని ఈ కూర్పులోనే రచయిత ఉద్దేశ్యం ఉన్నది. ఒక మనిషి కథ అతని పుట్టుకతో మొదలుకాదు, ఆకాశం భూమి ఉనికిలోకి వచ్చిన క్షణంతో మొదలవుతుంది. అది సమాధితో కాక సమస్త సృష్టి పొందబోయే విశ్రాంతితో ముగుస్తుంది. వ్యక్తి జీవితానికి అర్థం వ్యక్తిలో దొరకదనేది అతని నిశ్చితాభిప్రాయం.

పదకొండవ భాగంలో ఒక పాత ప్రశ్న వస్తుంది. సృష్టికి ముందు దేవుడు ఏమిచేస్తూ ఉండినాడు? ఎగతాళి జవాబులను అగస్టీన్ తోసిపుచ్చి, కాలం కూడా సృష్టిలో భాగమే అంటాడు. కాలమే లేనప్పుడు 'ముందు' అనే మాటకు తావు లేదు. ఇమామ్ గజాలీ 'తహాఫుతుల్ ఫలాసిఫా' మొదటి చర్చలో, లోకం అనాది అని వాదించిన తత్త్వవేత్తలకు ఇదే దారిలో జవాబిచ్చారు. కాలం కల్పించబడినది, దానికి ముందు కాలం అనేది లేనేలేదు. శూన్యం నుండి సృష్టి, సృష్టి మంచిది అనే నమ్మిక, సృష్టికర్త ఎవరికీ అక్కర పడనివాడనే భావం వరకు ఈ ఇద్దరి మధ్య పోరు లేదు. 'క్రైస్తవుల సృష్టి సిద్ధాంతం' అని ఖండించబోయే ముస్లిం రచయిత తన సొంత ఇంటి గోడనే పడగొట్టుకొనే ప్రమాదం ఉన్నది.

మధ్యలో జరిగినది

భేదం ఆరంభంలో కాక ఆ తరువాతి ఘట్టంలో పుడుతున్నది. రెండవ భాగంలో అగస్టీన్ తన పదహారవ ఏట స్నేహితులతో కలిసి చేసిన ఒక దొంగతనాన్ని చెబుతాడు. పొరుగు చెట్టు బేరిపండ్లు దొంగిలించి పందులకు పారవేశారు. ఆకలి లేదు, అంతకన్న మంచి పండ్లు అతని వద్దనే ఉన్నాయి. మరి ఎందుకు చేశాడు? తప్పు చేయడంలోని రుచి కోసమే చేశానంటాడు. ఎనిమిదవ భాగంలో ఇంకొక మాట ఉన్నది. మనసు చేతిని కదలమంటే చేయి కదులుతుంది, కాని మనసు తననుతాను ఆజ్ఞాపించుకొంటే లోబడదు. మానవ సంకల్పంలోని ఈ చీలికను ఇంత సూటిగా చూపినవారు అరుదు. చెడును ప్రేరేపించే నఫ్స్‌ను గురించి యూసుఫ్ సూరా (53)లో చదివిన పాఠకుడు ఈ పుటలను తోసివేయలేడు.

అయితే ఈ రోగానికి మూలం ఏది? మానీ మతంవారు చీకటిశక్తి అన్నారు. దానిని అంగీకరిస్తే దేవునికి సాటి శక్తి ఒకటున్నదని ఒప్పుకోవాలి. అగస్టీన్ దానిని నిరాకరించి, సృష్టికర్త మేలును కాపాడదలచి, చెడుకు మూలాన్ని మానవ సంకల్పంలో, అందులోనూ మొదటి మానవుని సంకల్పంలో చూచాడు. జన్మపాప సిద్ధాంతం ఏదో మూఢత్వం నుండి పుట్టినది కాదు. సృష్టికర్తను నిందనుండి తప్పించాలనే శ్రద్ధ దాని వెనుక ఉన్నది. ఈ న్యాయం అతనికి చేయవలసినదే.

కాని ఇక్కడ అతడు ఒక పెద్ద అంగ వేశాడు. మానవజాతి ఆదమ్ వల్ల బలహీనపడినదనడం ఒకటి, ఆదమ్ అపరాధానికి ప్రతి శిశువూ దోషి అనడం మరొకటి. మొదటి భాగంలోనే పాలు త్రాగే పసివానిలోని అసూయను అతడు సాక్ష్యంగా తెచ్చాడు. తరువాత పెలేజియస్‌తో వాదం చెలరేగినప్పుడు ఈ అభిప్రాయం మరింత గట్టిపడింది. మంచి చేసే శక్తిని కూడా దేవుడే ఇవ్వాలన్న 'కన్ఫెషన్స్'లోని ప్రార్థన విని, ఇలాగైతే మనిషి బాధ్యత ఏమైపోతుందని పెలేజియస్ మండిపడ్డాడు. క్రీ.శ. 418లో కార్తేజ్ సభ పెలేజియస్ పక్షాన్ని ఖండించింది.

ఈ వాదంలో ఒక అనువాద సమస్య ఇమిడి ఉన్నది. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ 5వ అధ్యాయం 12వ వచనంలో, మరణం అందరికీ ప్రాప్తించిన సంగతిని చెబుతూ ఒక చిన్న గ్రీకు పదబంధం వాడాడు. దానిని అందరూ పాపం చేసిన 'కారణంగా' అని అర్థం చేసుకోవడమే సహజమని నేటి పండితులలో అధికసంఖ్యాకులు భావిస్తున్నారు. అగస్టీన్ చేతిలోని లాటిన్ పాఠం 'అతనిలో' అందరూ పాపం చేశారనే అర్థానికి వీలిచ్చింది. అతడు ఆ అర్థాన్నే గ్రహించాడు. ఆ కాలంలోనే ఎక్లానమ్ బిషప్ జూలియన్ దానికి అభ్యంతరం చెప్పాడు. తెలుగు బైబిల్ కూడా ఈ వచనాన్ని కారణార్థంలోనే అనువదించింది. గ్రీకులో చదివిన తూర్పు సంఘాలు ఆదమ్ వల్ల మరణశీలత వారసత్వంగా వచ్చిందంటాయి కాని, అపరాధం వచ్చిందని సామాన్యంగా అనవు. జన్మపాపం మొత్తం ఒక్క తప్పుడు అనువాదంపై నిలిచినదనడం మాత్రం అతిశయోక్తి. అదే అధ్యాయంలోని తక్కిన వాదం, శిశువులకు జ్ఞానస్నానమిచ్చే ఆచారం కూడా అగస్టీన్‌కు ఆధారాలే. అయినా ఒక విభక్తి ఎన్ని తరాల మనసులను కదిలించగలదో దీనివల్ల తెలుస్తున్నది.

ఖుర్ఆన్ చెప్పే ఆదమ్ వృత్తాంతం

దివ్య ఖుర్ఆన్‌లో ఈ కథ సాగే తీరు వేరు. భూమిపై ఖలీఫాను నియమించే సంకల్పం, పండు తినడానికి ముందే ప్రకటించబడినది (అల్ బఖర: 30). కావున భూమి కేవలం శిక్షాస్థలం కాదు. మనిషి పని ఉన్నచోటు అది. ఆదమ్ (అలైహిస్సలాం) మరచిపోయారు (తాహా: 115). దంపతులిద్దరూ కలిసి జారారు, కలిసి తప్పు ఒప్పుకొన్నారు (అల్ ఆరాఫ్: 23). అల్లాహ్ వారి పశ్చాత్తాపాన్ని స్వీకరించాడు (అల్ బఖర: 37). తప్పు అక్కడే క్షమించబడినది గనుక సంతానానికి అప్పుగా మిగలలేదు. భారం మోసేవాడెవడూ మరొకని భారం మోయడనే నియమం (అల్ అన్ఆమ్: 164) దీనికి తాళపుచెవి. ప్రతి శిశువూ ఫిత్రత్‌పైనే పుడుతుందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది.

మరి అందరూ ఎందుకు తప్పుచేస్తారని క్రైస్తవుడు అడగవచ్చు. మనిషి బలహీనుడుగా సృష్టించబడ్డాడు (అన్నిసా: 28) అని ఖుర్ఆనే చెబుతున్నది. బలహీనత దోషం కాదు, పరీక్షకు అవకాశం. అయినా మానవ సంకల్పానికీ దైవశక్తికీ గల సంబంధమేమిటనే చిక్కు ముస్లింలకు లేకపోలేదు. ఖదరీలు, జబ్రీలు, మోతజిలీలు, అష్అరీలు శతాబ్దాలపాటు దానిపై వాదించుకొన్నారు. ఈ ప్రశ్న ఎదుటివారి ఇంట మాత్రమే ఉన్నదనుకోవడం చరిత్రను మరచిపోవడమే.

గమ్యాన్ని గురించి

'కన్ఫెషన్స్' సాయంకాలం లేని ఏడవదినపు విశ్రాంతితో ముగుస్తుంది. తరువాత క్రీ.శ. 413, 426 మధ్య వ్రాసిన 'దేవుని నగరం' చివరి భాగంలో అగస్టీన్ శరీరంతో పునరుత్థానాన్నీ, దేవుని దర్శనభాగ్యాన్నీ వర్ణించాడు. పునరుత్థానం ముస్లింలకు మూల విశ్వాసాలలో ఒకటి. పరలోకంలో ప్రభువు దర్శనం అహ్లె సున్నత్‌కు సమ్మతమే (అల్ ఖియామహ్: 22-23). గమ్యపు చిత్రంలో సామ్యం ఎక్కువే. అక్కడికి చేరే దారిలోనే మధ్య ఘట్టం మళ్లీ అడ్డువస్తుంది. శిశువు పుట్టుకతోనే దోషి అయితే, జ్ఞానస్నానం లేకుండా మరణించిన శిశువు గతి ఏమిటి? అగస్టీన్ తన తర్కానికి కట్టుబడి, అది మిక్కిలి తేలికైనదే అయినా శిక్షే అన్నాడు. మధ్యయుగ పండితులు ఆ కాఠిన్యాన్ని భరించలేక 'లింబో' అనే స్థానాన్ని ఊహించారు. చివరకు 2007లో కథోలిక సంఘపు అంతర్జాతీయ వేదాంత సంఘం, అటువంటి శిశువుల రక్షణను గురించి ఆశించడానికి బలమైన కారణాలున్నాయని ప్రకటించింది. పసిబిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ ఆశ దక్కడానికి పదిహేను శతాబ్దాలకు పైగా పట్టింది. సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఇంతకన్న గట్టి గీటురాయి లేదు.

ముస్లిం పండితులు కూడా బహుదైవారాధకుల పిల్లల విషయంలో భిన్నాభిప్రాయాలు కలిగినవారే. కాని ప్రవక్త (స) స్వప్నంలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) చుట్టూ ఆ పిల్లలు కూడా ఉన్నారనే బుఖారీ హదీసును ఆధారం చేసుకొని, వారు స్వర్గవాసులే అనే పక్షాన్ని ఇమామ్ నవవీ సరైనదిగా ఎంచారు. ఫిత్రత్ సిద్ధాంతం ఉన్నచోట ఈ మాట చెప్పడానికి సిద్ధాంతాన్ని వంచవలసిన అవసరం రాలేదు.

రెండు మాటలు

ఈ భేదం తెలుగులో వాడే మాటలలో కూడా కనిపిస్తుంది. క్రైస్తవ తెలుగులో కీలకపదం 'రక్షణ'. మునిగిపోయేవానిని మరొకరు చేయిపట్టి లాగడం అందులోని భావం. అజాన్‌లో పిలుపు 'ఫలాహ్' వైపు. దానిని తెలుగులో 'సాఫల్యం' అంటున్నారు. అప్పగించిన పనిని నెరవేర్చి తిరిగివచ్చేవాని మాట అది. నజాత్‌ను కొందరు అనువాదకులు 'మోక్షం' అనడం ఉచితం కాదు; ఆ మాట వెంట జన్మపరంపర అనే వేరొక లోకం వస్తుంది.

అయితే దీనినిబట్టి క్రైస్తవునిది కృప, ముస్లింది స్వశక్తి అనే తీర్పు చెప్పేవారు ఇరువైపులా ఉన్నారు. అది సరికాదు. ఎవరినీ తన కర్మలు స్వర్గంలో ప్రవేశపెట్టవనీ, అల్లాహ్ కారుణ్యం కప్పితే తప్ప తనకు కూడా అంతేననీ మహాప్రవక్త (స) స్పష్టం చేశారు. ఈ హదీసు కూడా బుఖారీ, ముస్లింలలో ఉన్నది. కారుణ్యం అవసరమా అనేది వివాదాంశం కాదు. ఆ కారుణ్యం దాసుని చేరడానికి మధ్యలో ఒకరి రక్తం వెల కావాలా, లేక ఆదమ్ (అ) పొందినట్లు పశ్చాత్తాపానికే తలుపు తెరచి ఉన్నదా అనేదే వివాదాంశం.

అగస్టీన్ మానవుని రోగాన్ని చక్కగా గుర్తించాడు. దానికి వ్రాసిన వంశచరిత్రలో పొరబడ్డాడు. క్రైస్తవ మిత్రునితో సంభాషించే ముస్లిం ఈ రెండింటినీ విడదీసి చూడడం నేర్చుకోవాలి. రోగం విషయంలో అతనితో ఏకీభవించినవాని మాటనే, వారసత్వం విషయంలో విభేదించేటప్పుడు అతడు ఆలకిస్తాడు. అప్పుడు అతని ముందు పెట్టవలసిన ప్రశ్న ఒక్కటే: ఊయలలోని ఈ బిడ్డ అప్పుతో వచ్చాడా, అమానత్‌తో వచ్చాడా?