నోటీసులో ఉన్న పేరు

2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం బృందం అమెరికాలో కచేరీలు చేస్తూండగా ఇళయరాజా తరఫు న్యాయవాది నుంచి నోటీసులు వెళ్లాయి. ఇళయరాజా స్వరపరచిన పాటల్ని ఆయన అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని వాటి సారాంశం. బాలు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో రాశారు. చట్టం అలా ఉంటే పాటిస్తామనీ, ఇకనుంచి ఇతర సంగీత దర్శకుల పాటలు పాడతామనీ చెప్పారు. ఇక చర్చ మొదలైంది. బాణీ గొప్పదా, గొంతు గొప్పదా? ఎవరిది అహంకారం, ఎవరిది పెద్దమనసు? ఇన్నేళ్ల స్నేహం ఏమైపోయినట్టు? రెండేళ్ల తర్వాత, 2019లో, ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కినప్పుడు అందరూ హమ్మయ్య అనుకున్నారు. కథ సుఖాంతమైంది.

అయితే నోటీసు అందినవాళ్లలో బాలు, ఆయన కుమారుడు చరణ్, కచేరీల నిర్వాహకులే కాదు, చిత్ర కూడా ఉంది. ఆ మాట బాలు రాసిన పోస్టులోనే ఉంది. నేను అప్పట్లో చదివిన వ్యాసాల్లో గానీ, విన్న టీవీ చర్చల్లో గానీ చిత్ర గురించి ఒక్క ప్రశ్న వినబడలేదు. ఆరు జాతీయ అవార్డులు పొందిన గాయని, ఆ యుగళగీతాల్లో సగభాగం పాడిన మనిషి, ఇద్దరు మగవాళ్ల తగవులో పక్కవాద్యమైపోయింది. నోటీసులో ఆమె పేరుంది, చర్చలో లేదు. నాకు ఆ తగవుకంటే ఈ మాయమవడమే పెద్ద విషయంగా తోచింది.

ఇళయరాజా అడిగినదాంట్లో న్యాయం లేదని నేననను. మన దేశంలో సినిమా పాట మీద హక్కు చాలాకాలం నిర్మాతదే. 1977లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఆ తీర్పుకు చివర జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక వ్యాఖ్య చేర్చారు. మన దేశంలో జనం పాటను గుర్తుపెట్టుకునేది పాడినవాళ్ల గొంతుతో, చట్టం మాత్రం ఆ గొంతును లెక్కలోకే తీసుకోలేదని ఆయన బాధ. ప్రదర్శకుల హక్కు అనేది చట్టంలోకి వచ్చింది 1994లో. రాయల్టీలో వాటా అడిగే వీలు 2012 సవరణతో కలిగింది. ఆ మరుసటి ఏడాది గాయకుల హక్కుల సంఘం ఏర్పడింది. అంటే సుశీల, జానకి, జిక్కి, లీల తమ జీవితంలో సింహభాగం పాడింది గొంతుకు ఏ హక్కూ లేని కాలంలో.

ఈ హక్కును ముందుగా అడిగినవాళ్లలో ఒకామె ఉంది. 1960లలోనే లతా మంగేష్కర్ గాయకులకూ రాయల్టీ కావాలంది. డబ్బు తీసుకున్నాక ఇంకేం అడుగుతామన్నది రఫీ వాదన. కొన్నేళ్లు ఇద్దరూ కలిసి పాడలేదు. చరిత్రలో అది ఎలా మిగిలింది? రఫీ మంచితనానికీ లత పంతానికీ ఉదాహరణగా! ఒక శ్రామికురాలు కూలి గురించి లేవనెత్తిన ప్రశ్నను మనవాళ్లు స్వభావాల కథగా మార్చేశారు. 2017లోనూ అదే జరిగింది. కాకపోతే ఈసారి కథలోంచి స్త్రీని పూర్తిగా తీసేశారు.

ఇక్కడ పర్యటన అనే రూపం గురించి కొంచెం మాట్లాడుకోవాలి. పాశ్చాత్య రాక్ గాయకులు కొత్త ఆల్బం విడుదల చేసి, దాన్ని అమ్ముకోవడానికి ఊరూరా స్టేడియాలకు వెళతారు. జనం పాత పాటలూ కోరతారు గానీ కచేరీకి కారణం కొత్త పాటే. మన సినీ గాయకుల పర్యటన దీనికి తలకిందులు. ఎస్పీబీ 50 పేరిట 2016 ఆగస్టులో టొరంటోలో మొదలైన ఆ యాత్ర అమ్మింది యాభై ఏళ్ల జ్ఞాపకాన్ని. టొరంటోలోనైనా సియాటిల్‌లోనైనా మనవాళ్లు టికెట్టు కొనేది తమ కాలేజీ రోజుల్ని మళ్లీ వినడానికి. కొత్త పాట ఎత్తుకుంటే కాఫీకి లేచిపోతారు. కాబట్టి వేదిక మీద నిలబడ్డ గాయని దగ్గర తనదని చెప్పుకోగలిగింది ఏదీ ఉండదు. ఉన్నదంతా గతం. ఆ గతం మీద కాగితాలు ఇంకొకరివి.

సొంతంగా రాసి, బాణీ కట్టుకుంటే తప్ప పాట తనది కాదా మరి? ఈ ప్రశ్నకు నాకు టీనా టర్నర్ దగ్గర కొంత జవాబు దొరికింది. ఆమె అసలు పేరు అనా మే బుల్లక్. 'టీనా' అన్నది ఐక్ టర్నర్ 1960లో ఆమెను అడక్కుండా పెట్టిన పేరు. ఆమె వెళ్లిపోతే ఆ పేరుతో ఇంకొకరిని నిలబెట్టొచ్చని దాన్ని తన హక్కుగా నమోదు కూడా చేయించుకున్నాడు. ఏళ్ల తరబడి కొట్టాడు. 1976లో ఆమె చేతిలో ముప్పై ఆరు సెంట్లతో బయటపడింది. ఆగిపోయిన కచేరీల అప్పులు ఆమె మీద పడ్డాయి. 1978లో విడాకులప్పుడు ఆస్తి వదిలేసి, ఆ పేరును మాత్రం నిలుపుకుంది. ఏళ్లపాటు హోటళ్లలో పాడి, 1984లో, నలభై నాలుగేళ్ల వయసులో 'ప్రైవేట్ డాన్సర్' ఆల్బం తెచ్చింది. దాన్ని భుజాన వేసుకుని ఆ మరుసటి ఏడాది దేశదేశాలు తిరిగింది. 1988 జనవరిలో రియోలోని మరకానా స్టేడియంలో ఆమెను వినడానికి లక్షా ఎనభై వేలమంది వచ్చారంటారు.

గమనించండి, ఆ ఆల్బంలో పాటలు ఆమె రాసినవి కావు. శీర్షిక పాట మార్క్ నాప్‌ఫ్లర్‌ది, మరొకటి అల్ గ్రీన్ ఎప్పుడో పాడింది. అయినా అది టీనా పర్యటనే, టీనా పాటే. పోస్టరు మీద పేరు, ఏ పాట ఎప్పుడు, ఏ శ్రుతిలో అన్న నిర్ణయం ఆమె చేతిలో ఉన్నాయి. అయితే ఈ విజయగాథలో నన్ను ఆపేది మరకానా జనసముద్రం కాదు, ఆ హోటళ్ల ఏళ్లు. అప్పు తీర్చడానికి పాడిన ఆ రాత్రుల గురించి ఎవరూ పెద్దగా రాయరు. మా వైపు నాకు తెలిసిన పాటంతా అలాంటి రాత్రులదే.

నంద్యాలలో పాఠాలు చెప్పుకునే నాకు అరీనా కచేరీలు ఫోన్ తెరమీదే. మాకు తెలిసింది ఆర్కెస్ట్రా. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, తిరునాళ్లు. గతేడాది ఆళ్లగడ్డలో ఒక రిసెప్షన్‌లో పాడిన అమ్మాయితో భోజనాల దగ్గర మాట కలిపాను. ఆమెను వేదిక మీదికి 'జూనియర్ చిత్ర' అని పిలిచారు. ఇప్పుడు వాయించేవాళ్లు లేరు, లాప్‌టాప్‌లో ట్రాకులే. మగ గాయకుడికి జలుబు చేసిందని ట్రాకు శ్రుతి దించేశారు. ఆమె పల్లవి మంద్రంలోకి వెళ్లి, మాట వినబడకుండా పోయింది. జనం ఆమెకు గొంతు లేదనుకున్నారు.

"నీ సొంత పాట ఏదైనా ఉందామ్మా?" అని అడిగాను.

"సొంత పాటలు మాకేడుంటాయి మేడం?" అని నవ్వింది. "పాటలు సినిమావోళ్లవి, ట్రాకు మా ఓనరుది. గొంతు నాదే గానీ దానికి గూడా వేరేవాళ్ల పేరు పెట్నారు."

నాలుగు గంటల పాటకు ఆమెకు వచ్చేది మగ గాయకుడికిచ్చేదాంట్లో సగమేనట. ఆ తేడా ఎందుకని అడిగితే, ఫిమేల్ వాయిస్ మిమిక్రీతో కూడా లాగించొచ్చని జవాబట.

ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. అక్కడ చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళతాయి, కింద చెక్కినవాడి పేరుండదు. ఈ పోలిక నాకు అప్పటికప్పుడు బాగుందనిపించింది గానీ, ఆలోచిస్తే సరిపోదు. శిల్పికి పేరు లేకపోవచ్చు, ఇంకో శిల్పి పేరు తగిలించి పిలవరు కదా.

చిత్రకూ జూనియర్ చిత్రకూ మధ్య అంతస్తుల తేడా చాలా ఉంది. ఒకామెకు 2021లో పద్మభూషణ్ వచ్చింది, ఇంకొకామె చివరి బస్సు కోసం చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తింది. వాళ్లిద్దర్నీ ఒక్కటి చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ పాట మీద చర్చ వచ్చినప్పుడు ఇద్దర్నీ అడగనిది ఒకటే ప్రశ్న. మన సాహిత్య విమర్శ జానపద గీతాల్లో స్త్రీ గొంతును వెతికింది, మంగళహారతుల్ని, దంపుళ్ల పాటల్ని సేకరించింది. మైకు ముందు నిలబడి కూలికి పాడే స్త్రీ దగ్గరికి మాత్రం రాలేదు. సినిమా పాట మనకు ఇప్పటికీ కవి పేరుతోనో సంగీత దర్శకుడి పేరుతోనో పాఠ్యాంశం అవుతోంది.

ఆ రిసెప్షన్ వీడియో తర్వాత యూట్యూబ్‌లో చూశాను. వేదిక మీద పాడినవాళ్లు చిన్నవాళ్లయినా పెద్దవాళ్లయినా, తమ ప్రదర్శనను రికార్డు చేయడానికి వాళ్ల సమ్మతి కావాలని మన కాపీరైటు చట్టంలోనే ఉంది. వీడియో కింద ఆర్కెస్ట్రా పేరు, ఓనరు ఫోన్ నంబరు, వధూవరుల పేర్లు ఉన్నాయి. వ్యాఖ్యల్లో ఎవరో అడిగారు, పాడిన అమ్మాయి ఎవరని. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.