కలకు ముందే చేయాల్సిన పని

కల కంటూ ఉండగానే అది కల అని తెలిసిపోవడాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటున్నారు. దాన్ని సాధించే చిట్కాల్లో బాగా ప్రచారంలో ఉన్నది పగటిపూట చేసే పరీక్ష. గంటకోసారి వేళ్లు లెక్కపెట్టుకోవాలి, లేదా ముక్కు మూసుకుని ఊపిరి ఆడుతుందేమో చూడాలి. ఈ అలవాటు కలలోకీ వస్తుందని, అక్కడ ఏడు వేళ్లు కనబడగానే ఎరుక కలుగుతుందని ఆశ. ఈ విద్యకు ఆయువుపట్టు అక్కడ లేదని నా అభిప్రాయం. అది జ్ఞాపకంలో ఉంది. సాయంత్రం ఇంటికొస్తూ మందుల షాపు దగ్గర ఆగాలని పొద్దున్నే అనుకుంటాం. షాపు కనబడగానే కొందరికి గుర్తొస్తుంది, కొందరికి వీధి దాటాక గుర్తొస్తుంది. ముందుగా అనుకున్నదాన్ని అవసరమైన క్షణానికి గుర్తు తెచ్చుకునే ఈ శక్తికే కలలో పరీక్ష.

స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన స్టీఫెన్ లాబెర్జ్ 1980 ప్రాంతంలో తన పద్ధతిని దీనిమీదే నిర్మించాడు. తెల్లవారుజామున కలలోంచి మెలకువ రాగానే లేవాలి. ఆ కలను వివరాలతో సహా గుర్తు తెచ్చుకోవాలి. ‘ఈసారి కల వచ్చినప్పుడు ఇది కల అని గుర్తుంచుకుంటాను’ అని మనసులో అనుకుంటూ, అదే కలలో మళ్లీ ఉన్నట్టు, అందులోని వింతను పట్టుకుని ఇది కలేనని గ్రహించినట్టు ఊహించుకోవాలి. అలాగే నిద్రలోకి జారాలి. తెల్లవారుజామును ఎంచుకోవడానికి కారణం ఉంది. కలలు దట్టంగా వచ్చే రెమ్ నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. ఆ సంకల్పానికీ కలకూ మధ్య ఎడం ఎంత తగ్గితే అంత మేలు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో డెన్‌హామ్ ఆస్పీ 2017లో ప్రచురించిన అధ్యయనం నాకు ఇక్కడే విలువైనదిగా తోస్తుంది. పగటి పరీక్షలు మాత్రమే చేసినవాళ్లకు చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. వాటికి తెల్లవారుజామున లేవడం, లాబెర్జ్ సంకల్పం కలిపినవాళ్లకు మొదటి వారంలోనే 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి. సంకల్పం ముగించిన 5 నిమిషాల్లోపే నిద్రపట్టినప్పుడైతే అది దాదాపు 46 శాతం.

ఇవన్నీ లేచాక చెప్పే మాటలే కదా, ఎలా నమ్మడం అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆస్పీ లెక్కలు ఆసక్తితో ముందుకొచ్చినవాళ్లు తమ గురించి తాము చెప్పినవి, కాబట్టి అందరికీ అదే శాతం వస్తుందనుకోకూడదు. కానీ ఇలాంటి కల ఉందా లేదా అన్నది ఎప్పుడో తేలింది. రెమ్ నిద్రలో ఒళ్లు కదలదు గానీ కళ్లు కదులుతాయి. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో అలన్ వోర్స్‌లీ ముందే అనుకున్న ప్రకారం కలలోంచి కళ్లను ఎడమకూ కుడికీ కదిపాడు, పరిశోధకుడు కీత్ హెర్న్ యంత్రం దాన్ని నమోదు చేసింది. ఆ సంకేతం ఇవ్వాలన్న సంగతి కలలో గుర్తుండటమే నా వాదనకు పెద్ద బలం. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు నిద్రలో ఉన్నవారిని చిన్న లెక్కలు అడిగితే, కొందరు కళ్ల కదలికలతో సరైన జవాబు చెప్పారు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం నిద్ర గురించి. తెల్లవారుజామున కావాలని లేవడం నిద్రను కోయడమే. ఆస్పీ అధ్యయనంలో ప్రయత్నం ఫలించినవాళ్లు మర్నాడు నిద్రలేమితో ఎక్కువ బాధపడలేదు, నిజమే. కానీ తేలిగ్గా మళ్లీ నిద్రపట్టేవాళ్లకే ఇది ఎక్కువగా ఫలిస్తుంది కాబట్టి ఆ మాట నిద్ర సరిగా పట్టనివాళ్లకు భరోసా కాదు. నైట్ షిఫ్టుల్లో ఉన్నవాళ్లూ, కలకూ నిజానికీ తేడా చెదిరే మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లూ దీని జోలికి పోకపోవడమే మంచిది. అల్జీమర్స్‌కు వాడే గాలాంటమైన్ మాత్రతో 2018లో లాబెర్జ్ బృందం సాధించిన 42 శాతం ఫలితాన్ని చూసి మందు కోసం పరుగెత్తడం ఇంకా ప్రమాదం. అక్కడ మందు లేని మాత్ర మింగినవాళ్లలోనూ 14 శాతం మందికి అలాంటి కల వచ్చింది. వాళ్లు చేసిందీ ఆ సంకల్పమే. ఆసక్తి ఉన్నవాళ్లు ముందుగా లేవగానే కదలకుండా పడుకుని కలను గుర్తు తెచ్చుకుని నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టవచ్చు. దానికి నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు. తెల్లవారుజాము ప్రయత్నాన్ని మర్నాడు ఆలస్యంగా లేచినా ఫర్వాలేని సెలవు రోజుకు ఉంచుకోవచ్చు.