బర్చెల్ చూచిన రాతిమొక్క
విలియం బర్చెల్ దక్షిణాఫ్రికా యాత్రాగ్రంథము మొదటి సంపుటములో (1822) లిథాప్స్ ముచ్చట కొద్దిపాటిదే. 1811లో ప్రీస్కా సమీపమున వింత గులకరాయి యనుకొని ఆయన చేతికి తీసికొన్నది మొక్కయని తేలినది! రాతిని పోలియుండుటచే పశువుల నోట పడదని ఊహించెను. డార్విను గ్రంథమునకు 37 ఏండ్ల ముందటి యీ ఊహ మెచ్చదగినది. కాని దానిని ప్రకృతి సంకల్పముగా చెప్పుట నేడు నిలువదు. మేతకు చిక్కక మిగిలిన మొక్కల సంతతియే వర్ధిల్లినదనుట సమంజసము.

గాజుటింట పెంచువారికి పశువుల బెడద లేదు, నీటిదే చిక్కు. పూత ముగిసిన పిదప లోపలి క్రొత్త ఆకుల జత పాతజతలోని నీటినే త్రాగి పెరుగును. ముడుతలు చూచి జాలిపడి అప్పుడు నీరు పోసినచో పాత ఆకులు ఎండవు. తరచు మొక్కయే కుళ్ళును.