మనాదికి మరో పేరు

మంగళవారం పొద్దున జనగామ స్టేషన్‌లో కాజీపేట వైపు పోయే పుష్‌పుల్ కోసం నిలబడ్డాను. బెంచీ మీద ఇద్దరు ఇంటర్ పిల్లలు, వాళ్ల పక్కన సద్దిమూటతో ఒక అవ్వ. పిల్లల్లో ఒకమ్మాయి ఫోన్ ఒళ్లో పెట్టుకుని, "నాకు పక్కా డిప్రెషన్ వచ్చిందే" అంది. అది అవ్వ చెవిన పడింది.

"గదేంది బిడ్డా, ఏమొచ్చింది?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మనాది అవ్వా" అంది.

"అట్ల చెప్పు మరి. మనాదైతే ఒక్కదానివే కూసోకు" అని అవ్వ మూట విప్పి, చెరో సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది.

రైలెక్కి కూర్చున్నాక కూడా నా సంబరం తగ్గలేదు. ఈ కాలమ్ విడవకుండా చదివేవాళ్లకు నా పట్టుదల తెలుసు. సోయి మీద రాశాను, యాష్ట మీద రాశాను, బుగులు మీద రెండు వారాలు రాశాను. మనసు సంగతి చెప్పుకోవడానికి మన తెలంగాణ నోటికి ఉన్నన్ని మాటలు పుస్తకాల తెలుగుకు లేవని నా నమ్మకం. రేపటి గురించిన బరువు రంది. ఎందుకో తెలియకుండా గుండెలో జొరబడే భయం బుగులు. మనాది వీటన్నిటికంటే లోతుది. పోయినవాళ్ల కోసం, దూరమైనవాళ్ల కోసం మనిషి లోపల్లోపల కరిగిపోవడం అది. కొడుకు దుబాయి పోయిన మనాదితో ఫలానా ఆమె మంచం పట్టింది అంటే ఊరికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. పక్కింటివాళ్లు కూర గిన్నె పట్టుకుని వచ్చేస్తారు. డిప్రెషన్ అన్న మాటకు కూర గిన్నె ఎవరు తెస్తారు?

ఈ వారం ఇదే రాయాలనుకున్నాను. డాక్టర్ల పేర్లు పక్కన పెట్టి మన మాటలు మనం తెచ్చుకుందామని. రఘునాథపల్లి దాటేసరికి మొదటి పేరా మనసులో తయారైంది. స్టేషన్ ఘనపూర్ దగ్గర మా మేనత్త గుర్తొచ్చింది. ఆ పేరా అక్కడే ఆగిపోయింది.

మా నాయినకు ఒక్కతే చెల్లె. పాలకుర్తి పక్క ఊరికి ఇచ్చారు. 1985లో ఆమె రెండో కొడుకు కామెర్లతో పోయాడు. ఆ చలికాలం అత్త గోడవైపు తిరిగి పడుకుంది. తలకు నూనె లేదు. ముద్ద నోట్లో పెట్టినా నమలదు. తెల్లవారుజామున మూడింటికే కళ్లు తెరిచి దూలం చూస్తూ ఉండేది. బిడ్డ మనాది అన్నారు అందరూ. అప్పుడు నాకు పదహారేళ్లు, నేనూ అదే అన్నాను. బిడ్డ పోయిన తల్లికి మనాది కాక ఇంకేముంటుంది?

ఎండలు ముదిరేసరికి లేచింది. ఆ లేవడం మామూలు లేవడం కాదు. రాత్రి రెండింటికి తన వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టి, అక్కడితో ఆగక వాడంతా ముగ్గులు పెట్టుకుంటూ పోయేది. పెట్టెలోని పట్టుచీరలు దారిన పోయేవాళ్లకు పంచేసింది. మిర్చి అమ్మిన పైసలన్నీ ఒక్క పూటలో ఖర్చు పెట్టి, గుట్ట మీద సోమన్న గుడికి కొత్త మెట్లు కట్టిస్తానని మేస్త్రీని పిలిపించింది. మాట మీద మాట, పాట మీద పాట. శివమెత్తింది అన్నారు. కొందరు కాళ్లు మొక్కారు. మామ భయపడి కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుని పట్నం వేయించాడు. ఒగ్గు పూజారి పసుపుతో కుంకుమతో పట్నం పరుస్తుంటే ముందు కూర్చుని అత్త ఊగడం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. వానలు పడేనాటికి ఆమె చల్లబడింది. మల్లన్న దయ చూసిండు అనుకున్నాం.

పదకొండేళ్లు ఇట్లాగే గడిచాయి. కొన్ని నెలలు మనాది, కొన్ని నెలలు శివం. నడుమ నడుమ మళ్లీ ఎప్పటి అత్తే. బతుకమ్మకు తంగేడు పువ్వు తక్కువైతే చెరువు అవతలి దాకా నడిచిపోయి కొంగు నిండా తెచ్చే అత్త. ఒక ఎండాకాలం ఉన్న రెండెకరాలు ఎవరికో రాసిస్తానని సంతకం పెట్టబోతే నాయినే ఆమెను కొట్టం గుంజకు కట్టేశాడు. ముడి వేస్తూ ఏడ్చాడు. ఇంకోసారి, ఆమె ముడుచుకుని పడుకున్న రోజుల్లో, ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. దిగులు తగ్గే గోలీలు రాసి పంపారు. అంతకుముందు సంగతి వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. మనాది చూపించుకోవడానికి పోయినవాళ్లం డాక్టరుకు శివం గురించి ఎందుకు చెప్తాం? నెల తిరక్కముందే ఆమె ఎన్నడూ లేనంత ఎగిరిపోయింది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు దిగులు మందు ఒక్కటే ఇస్తే మనిషి అవతలి ఒడ్డుకు విసిరేసినట్టు పోవచ్చునని మాకు అప్పుడు తెలియదు.

1996లో వరంగల్‌లో ఇంకో డాక్టరు దగ్గరికి పోయాం. అత్త నిమిషం కుదురుగా కూర్చోలేదు. ఆయన నాయినను, మామను, నన్ను కూర్చోబెట్టుకుని గంటన్నర అడిగాడు. తాయెత్తుల మాట వచ్చినప్పుడు మొహం చిట్లించలేదు. పట్నం ఏ నెలలో వేసిండ్రు అని మాత్రం అడిగాడు. తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద ఏడాదికేడాది సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ అని రాసుకున్నాడు. మనాది పట్టిన నెలలు గీత కింద, శివమెత్తిన నెలలు గీత పైన గుర్తు పెట్టమని పెన్ను నాయిన చేతికిచ్చాడు. మా ఇంట్లో ఎవరికీ తారీఖులు గుర్తుండవు, పండుగలు గుర్తుంటాయి. నాయిన పెట్టుకుంటూ పోయాడు. కింద, పైన, కింద, పైన. నడుమలో పెన్ను ఆపేశాడు.

"ఇదంత ఒక్కటే రోగమా సార్?"

డాక్టరు ఇంకా పేరు చెప్పనేలేదు. ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. "ముగ్గులు పెట్టుకుంట తిరిగిన రోజులల్ల ఆమెకు నిద్ర పట్టలేదా, నిద్ర అక్కరపడలేదా?" మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రందితో నిద్ర పట్టనివాడు తెల్లారి నీరసపడతాడు. అత్త రెండు గంటలు పడుకుని, ఎనిమిది గంటలు పడుకున్నదానిలాగా లేచేది. ఆ తేడా పదకొండేళ్లు మా కళ్లముందే ఉంది. అడిగినవాడు లేక మాకు కనబడలేదు.

ఆ తర్వాత చెప్పాడు, బైపోలార్ అని. రెండు కొనల జబ్బు. దాన్ని పట్టించే స్కానింగ్ లేదు, నెత్తురు పరీక్ష లేదు. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికే పరీక్షలు. జబ్బును పట్టేది ఆ గీత ఒక్కటే. అప్పుడే ఇంకో ముడి విడిపోయింది. ఈ విడతలు మందు లేకున్నా చాలాసార్లు కొన్ని నెలలకు వాటంతటవే దిగుతాయి. దిగబోయే ముందు చేసిన పని ఏదైనా సరే, దానికే పేరొస్తుంది. మల్లన్న మీద నా భక్తి తగ్గలేదు. పట్నం వేసిన రాత్రి ఆ ఇంటికి వచ్చిన ధైర్యం చిన్నది కాదు. కానీ తగ్గింది అనుకున్న ప్రతిసారీ మేం జబ్బుకు ఇంకో ఏడాది ఇచ్చాం.

మందు లిథియం. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ఇలాంటి రోగులకు ఇచ్చి, ఫలితాన్ని లోకానికి చెప్పాడు. భూమిలో దొరికే ఒక మూలకం, ఉప్పు రూపంలో ఇస్తారు. మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ నడుమ ఎడం తక్కువ. అందుకే నెత్తురు పరీక్ష చేసి 0.6కూ 1.0కీ మధ్య ఉండేట్టు చూస్తారు. మూత్రపిండాలు, థైరాయిడ్ కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే నెత్తురులో మందు పెరిగిపోతుంది. మా జనగామ ఎండల్లో, చేన్లో పని చేసే మనిషికి ఇది ప్రాణం మీది సంగతి. వాంతులు విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణికినా, అడుగు తడబడినా వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మామ చదువుకోలేదు. అయినా గోడ క్యాలెండర్ మీద పరీక్ష రోజున ఎర్ర చుక్క పెట్టించుకునేవాడు. చేనుకు పోయేటప్పుడు అత్త చేతికి నీళ్ల క్యాన్ ఇవ్వనిదే గడప దాటనిచ్చేవాడు కాదు.

బైపోలార్ అన్న మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. దానికి కూర గిన్నె ఎవరూ తేలేదు. కానీ ఆ మాట విని ఇంటికొచ్చిన రోజే నాయిన గుంజకున్న తాడు విప్పి పాత బావిలో వేశాడు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మనోరోగుల్లో 28 మంది మంటల్లో చనిపోయారు. ఆ వార్త ఉన్న పేపరు అత్తే చదివింది. చదివి, మడిచి, నాయిన ముందు పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మనోరోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని చెప్తోంది. చట్టం రాకముందే మా ఇంట్లో తాడు విప్పింది ఆ నోరు తిరగని మాట.

మనాది, శివం. ఇన్నేళ్లూ నేను మురిసిపోయిన మాటలు. ఆ రెండు అందమైన మాటలే ఒక్క రోగాన్ని రెండు ముక్కలు చేసి మాకు కనపడకుండా దాచాయి. ఒక ముక్కకు కారణం దొరికింది, బిడ్డ పోవడం. రెండో ముక్కకు దేవుడు దొరికాడు. ఇంక వెతకాల్సింది ఏముంది?

శివం అన్న మాట కింద ఇంకా ఎన్ని దాగుతాయో 2020 లాక్‌డౌన్‌లో చూశాం. కల్లు కాంపౌండ్లు, మందు దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. రెండు మూడు రోజులకు మనుషులు చేతులు వణుకుతూ, లేని పురుగులను గోడ మీద నుంచి దులుపుతూ, ఫిట్స్‌తో పడిపోతూ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరుస కట్టారు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మత్తు మందులు ఉన్నట్టుండి ఆగితే ఒళ్లు అట్లా తిరగబడుతుంది. ఆసుపత్రిలో నెమ్మదిగా దించాలి. ఇంట్లోవాళ్లు దయ్యం అనుకుని తాయెత్తు కోసం తిప్పిన ఒక్కొక్క రోజూ ప్రాణం మీదికి తెస్తుంది. అక్కడ కూడా దారి చూపేది ఒక్క ప్రశ్నే. "కల్లు ఎప్పటి నుంచి ఆపిండు?"

అంటే ప్రతి బాధకూ డాక్టరు పేరు పెట్టాలని నేననడం లేదు. 1997-98లో మన పాత వరంగల్ జిల్లాలో పురుగు పడి పత్తి పోయి, అప్పుల కింద రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల రందిని వట్టి డిప్రెషన్ అని రాసేస్తే నకిలీ విత్తనాలు, మిత్తి, మార్కెట్ అన్నీ తప్పించుకుంటాయి. గోలీ అప్పు తీర్చదు. అప్పు తీరినా, అన్నం సయించక చావు మాట మాట్లాడే మనిషికి గోలీ అవసరం పడవచ్చు. రెండూ అడిగి తెలుసుకోవాల్సిందే. పేరు మంచిదా చెడ్డదా అన్నది అది ఎవరి నోటి మాటో చూసి తేలదు. ఆ పేరు పెట్టాక మనం ఇంకో ప్రశ్న అడుగుతామా, అడగడం మానేస్తామా అన్నదాన్ని బట్టి తేలుతుంది. మనాది అన్నాక మేం అడగడం మానేశాం.

2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, బైపోలార్ ఉన్న ప్రతి 100 మందిలో 70 మందికి చికిత్సే అందడం లేదని తేలింది. అందులో మందులు లేక ఆగినవాళ్లు కొందరు. పేరు చెప్పుకోలేక ఆగినవాళ్లు ఎందరో. 1953లో జాల్నా నుంచి ఎర్రగడ్డకు తరలివచ్చిన ఆసుపత్రి ఎంతమందిని తేరుకునేట్టు చేసిందో! మన నోళ్లలో మాత్రం ఆ ఊరి పేరే తిట్టు. "వీన్ని ఎర్రగడ్డకు పంపాలె" అని నవ్వుకున్న ప్రతిసారీ పక్కన వింటున్న ఒక ఇల్లు ఇంకో ఏడాది తలుపు మూసుకుంటుంది. ఆ మాట మానేయమని చాలాసార్లు రాశాను, మళ్లీ రాస్తున్నాను. మా అత్త కాలంలో వరంగల్ దాకా, హైదరాబాద్ దాకా పోవాల్సి వచ్చింది. 2023లో జనగామకే వైద్య కళాశాల వచ్చింది. 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ ఫోన్ సేవ 14416 ఉంది. ఏ రాత్రయినా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తిరుగు రైల్లో మళ్లీ ఆ పిల్లే గుర్తుకొచ్చింది. అవ్వ చేసింది గొప్ప పని. ఒంటరిగా కూర్చోవద్దంది, తినడానికి పెట్టింది. నేను మాత్రం ఒక మాట దొరికిందని సంబరపడి రైలెక్కాను. ఎన్ని రోజుల నుంచి అని మా ఇద్దరిలో ఎవరమూ అడగలేదు. రెండు వారాలు దాటి, దాదాపు రోజంతా దిగులుగానే ఉండి, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే డాక్టరుకు చూపించుకోవాలని నాకు తెలుసు. తెలిసీ అడగలేదు. ఆ పిల్ల ఊరికే అని ఉండవచ్చు. ఊరికే అన్నదో కాదో అడిగితేనే తెలుస్తుంది.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. ఎన్నోసార్లు చూసిన మాటే. మనోవ్యాధి మన నోళ్లలో నలిగి నలిగి మనాది అయింది. పాతకాలపు మనిషెవరో మనసుకు కూడా వ్యాధి వస్తుందని తెలిసే ఆ పేరు పెట్టారు. తరాలుగా పలుకుతూ పలుకుతూ మనం అరగదీసింది సరిగ్గా ఆ "వ్యాధి"నే. ఇక నుంచి ఎవరైనా నాతో మనాది అంటే ఆ అరిగిపోయిన ముక్కను కూడా వింటాను. విని, "నిద్ర పడుతాందా? ఎప్పటి సంది?" అని అడుగుతాను.