రోమ్ వాణిజ్యం, గోదావరి తీరం: ఒక వాదనపై విమర్శ

శాతవాహనుల ఆర్థిక వ్యవస్థ గురించి మీరు ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఒక వాక్యం దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది: రోమ్‌తో జరిగిన వాణిజ్యం వల్ల రాజ్యం సంపన్నమైంది అని. ఈ వాక్యం పూర్తిగా తప్పు కాదు. కాని అది ఎవరి సాక్ష్యం మీద నిలబడిందో, పెద్దపల్లి, జగిత్యాల ప్రాంతాల్లో బయటపడిన పురాతన పట్టణాలకు ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించకుండానే మనం దాన్ని జవాబు పత్రంలో రాసేస్తుంటాం.

ముందుగా సాక్షులను చూడండి. మొదటి సాక్షి క్రీ.శ. 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో వెలువడిన ‘పెరిప్లస్’. దీన్ని రాసినవాడు ఈజిప్టుకు చెందిన వర్తకుడు, పేరు తెలియదు. పైఠాన్ నుంచి, తేర్ నుంచి బండ్ల మీద సరుకు భరుకచ్ఛానికి చేరేదని ఇతడు చెప్పాడు. తూర్పు తీరంలో మసాలియా ప్రాంతపు సన్నని వస్త్రాలను కూడా పేర్కొన్నాడు. మధ్య గోదావరి తీరం మాత్రం అతని జాబితాలో లేదు. రెండో సాక్షి ప్లినీ. భారతదేశానికి ఏటా 5 కోట్ల సెస్టర్సుల ధనం తరలిపోతోందని వాపోయినవాడు ఇతడే. ఆ అంకెను మన పుస్తకాలు గర్వంగా ఉదహరిస్తాయి. అయితే ప్లినీ అక్కడ తన దేశపు సంపన్నుల విలాసాలను నిందిస్తున్నాడు. మన రైతు ఆదాయాన్ని లెక్కగట్టడం అతని ఉద్దేశం కాదు.

సింగరేణి ప్రాంతంలో ఉండి చదువుకుంటున్న మీకు ఈ తేడా సులువుగానే అర్థమవుతుంది. ఏడాదికి ఎన్ని టన్నుల బొగ్గు రవాణా అయిందో చెప్పే పట్టిక నిజమైనదే కావచ్చు. దాన్నిబట్టి గోదావరిఖనిలో మొదటి షిఫ్టుకు వెళ్లే కార్మికుడి ఇంట్లో నెలాఖరు ఎలా గడుస్తుందో రాయలేం కదా!

రోమ్ నేరుగా పాలించిన ఈజిప్టుతో పోల్చి చూస్తే మన ఆధారాల పరిమితి ఇంకా స్పష్టమవుతుంది. క్రీ.పూ. 30లో ఆ దేశం రోమన్ రాష్ట్రమైంది. చక్రవర్తి నియమించిన ప్రిఫెక్ట్ అక్కడ పాలకుడు. 14 ఏళ్లకొకసారి జనాభా లెక్క తీసేవారు, దాని ఆధారంగా తలపన్ను వేసేవారు. ఎడారి ఇసుకలో పపైరస్ పత్రాలు చెక్కుచెదరలేదు కాబట్టి మామూలు రైతు పన్ను కట్టి తీసుకున్న రసీదు కూడా మనకు దొరుకుతుంది. ముజిరిస్ రేవు నుంచి వచ్చిన ‘హెర్మపొల్లాన్’ అనే ఓడ సరుకును పేర్కొనే 2వ శతాబ్దపు పత్రం వియన్నాలో ఉంది. భారతీయ సరుకు మీద రోమ్ నాలుగో వంతు సుంకం వసూలు చేసిందని దాని ద్వారా తెలుస్తుంది. అంటే ఈ వ్యాపారంలో రోమన్ ఖజానా వాటా మనకు తెలుసు. ఇక్కడ నేత నేసినవాడి వాటాను చెప్పే పత్రం అలాంటిది లేదు.

ఆ ఖాళీని మన రచయితలు ఎలా పూరిస్తున్నారన్నదే నా అభ్యంతరం. ధర్మబద్ధంగా పన్నులు విధించాడు, ప్రజల సుఖదుఃఖాల్లో పాలు పంచుకున్నాడు అని గౌతమీపుత్ర శాతకర్ణి గురించి చదివే ఉంటారు. ఇది నాసిక్ శాసనంలోని మాట. కొడుకు మరణించాక, మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో, గుహను దానం చేస్తూ తల్లి బాలశ్రీ చెక్కించిన ప్రశంస అది. తల్లి మాటను తప్పుపట్టనక్కరలేదు. దాన్ని రెవెన్యూ రికార్డుగా చదవడమే తప్పు. వడ్డీ రేట్ల విషయం మరీ విచిత్రం. నేతగాళ్ల శ్రేణుల వద్ద 2,000 కార్షాపణాలు నెలకు నూటికి ఒకటి చొప్పున, మరో 1,000 నూటికి ముప్పావు చొప్పున డిపాజిట్ చేసినట్లు నాసిక్‌లోనే ఇంకో శాసనం ఉంది. దీన్ని శాతవాహన శ్రేణులకు ఉదాహరణగా చూపుతుంటారు. దానం చేసిన ఉషవదాతుడు శాతవాహనుల ప్రత్యర్థి నహపాణుని అల్లుడు!

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో వి.వి. కృష్ణశాస్త్రి నేతృత్వంలో తవ్వకాలు జరిగాయి. కాల్చిన ఇటుకల కట్టడాలు, ఇంటి కప్పు పెంకులు, మూసిన మురుగు కాలువలు, 2వ శతాబ్దపు ఇటుక బావులు 22 బయటపడ్డాయి. కమ్మరి పని జరిగిన ఆనవాళ్లూ, ఇనుప పనిముట్లూ ఉన్నాయి. రోమన్ నాణేలు కూడా దొరికాయి. వ్యాసాల్లో ముందుగా మెరిసేవి అవే. 22 బావులు తవ్వించడానికి ఎంత ఇటుక, ఎంత కూలి, ఎవరి అదుపు అవసరమయ్యాయో ఆలోచించండి. పట్టణ సమాజం గురించి, స్థానిక నిర్వహణ గురించి ఆ బావులు చెప్పగలిగింది ఒక టైబీరియస్ నాణెం చెప్పగలిగిన దానికంటే ఎక్కువని నా అభిప్రాయం. దగ్గరలోని ధూళికట్టలో మట్టికోట, బౌద్ధ స్తూపం రెండూ ఉన్నాయి. ఆంధ్రులకు 30 కోట పట్టణాలు ఉండేవని ప్లినీ రాసిన మాటకు అర్థం ఇలాంటి చోట్లే వెతకాలి.

అయితే రోమ్‌ను పక్కకు నెట్టేయమని నేను అనడం లేదు. శాతవాహనుల రోజువారీ నాణేల్లో సీసం, పోటిన్ నాణేలే ఎక్కువ. సంతలో ఉప్పుకో గింజలకో చేతులు మారినవి అవే. భరుకచ్ఛంలో దిగుమతయ్యే సరుకుల్లో రాగి, తగరంతోపాటు సీసం కూడా ఉందని పెరిప్లస్ చెబుతోంది. కాబట్టి బంగారం కంటే ఈ చవక లోహం ద్వారానే దూరదేశపు వ్యాపారం పల్లెటూరి సంతదాకా వచ్చి ఉండవచ్చు. ఆ సీసమంతా ఓడల్లోనే వచ్చిందని మాత్రం దీనితో రుజువు కాదు.

ప్రభుత్వం విషయానికొస్తే కోటిలింగాల అతి ముఖ్యమైనది. శాతవాహన వంశానికి ఆద్యుడైన సిముకుని నాణేలతోపాటు అంతకుముందటి గోబద, నారన, సమగోప, కంవాయస నాణేలు అక్కడ దొరికాయి. వీటిని గుర్తించి ప్రకటించినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. శాతవాహన పాలన ఖాళీ నేల మీద మొదలవలేదు. సొంతంగా నాణేలు ముద్రించుకోగలిగిన స్థానిక పాలకులు అప్పటికే ఇక్కడ ఉన్నారు. వారిని జయించారా, కలుపుకొన్నారా, అమాత్యులుగా నిలబెట్టారా అన్నది తేలాలంటే నాణెంతోపాటు అది దొరికిన మట్టి పొర కూడా కావాలి. కోటిలింగాల గోదావరి, పెద్దవాగు కలిసే చోట ఉంది. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక జలాలు అక్కడిదాకా విస్తరించాయి. తవ్వని పొరలు నీటి పాలైతే, ఆ తర్వాత ఎవరైనా ఈ ప్రాంతపు పాలన గురించి రాయాలన్నా మళ్లీ నాసిక్ గుహ గోడనే ఆశ్రయించాల్సి వస్తుంది.

పరీక్షలో “శాతవాహనుల విదేశీ వాణిజ్యం” అన్న ప్రశ్న వస్తే పెరిప్లస్‌ను, ప్లినీని తప్పక రాయండి. వారు చూసింది రేవులను, సరుకులను అని పక్కనే రాయండి. తర్వాతి పేరా పెద్దబంకూరు బావులతో మొదలుపెట్టండి.