పద్యములోని పక్షి, చెరువులోని పక్షి

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మన తెలుగు కుటుంబములు తరతరములుగా నున్నవి. పద్యము కంఠస్థము చేయు అలవాటు మన యిండ్లలో ఇంకను పోలేదు. అది సంతోషింపదగినదే. కాని ఆ పద్యములను ఎట్లు చదువుచున్నామన్నది విచారింపవలసిన విషయము. హంస యనగా మానససరోవరము, చకోర మనగా వెన్నెల, చాతక మనగా మేఘము. ఇంతటితో మన పక్షిజ్ఞానము ముగియుచున్నది. ప్రతి ప్రాణికిని ఒక నెలవు కలదనియు, ఆ నెలవును చూచిన కవియే ప్రాణిని నిజముగా చూచినవాడనియు మరచుచున్నాము.

ఇందుకు ఆముక్తమాల్యద గొప్ప నిదర్శనము. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు అందులో తమిళదేశమునందలి శ్రీవిల్లిపుత్తూరును వర్ణించుచు బాతులను గూర్చి యొక పద్యము చెప్పెను. తెల్లవారుజామున వరిమళ్ళ నడుమ కాలువలలో బాతులు తలలను రెక్కలలో దూర్చుకొని నిద్రించుచుండును. తలారులు వానిని చూచి, వేకువ స్నానము చేసిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన ధోవతులని భ్రమపడి, తిరిగి యిచ్చుటకై తీయబోదురు. బాతులు లేచి పరుగెత్తును. పైరు కాచు పడుచులు పకపక నవ్వుదురు.

ఈ పద్యమునకు ప్రాణ మెక్కడ నున్నది? అలంకారమునందని పాఠము చెప్పుదురు. అది నిజమే. కాని కాలువ లేనిదే బాతు లేదు. బాతు నిద్రించు తీరు తెలియనిదే భ్రమ లేదు. వరిమడి లేనిదే నవ్వుటకు పడుచులు లేరు. నీరు, పైరు, పక్షి, మనుష్యుడు ఒకే చోట బ్రతుకుచున్నందుననే అలంకారము నిలిచినది.

మనుచరిత్రమునందలి హిమాలయ వర్ణనము నాదముచే ప్రసిద్ధము. ఐనను పెద్దన ఆడయేనుగులను మంచు శిఖరముపై నిలుపలేదు. అవి చరియలలో తిరుగుచు తొండములతో సాలవృక్షములను కదలించుచున్నవనెను. నేటికిని హిమాలయ పాదసీమలలో సాలవనములును ఏనుగులును కలిసియే యున్నవి. పద్యపు జోరులో మనము ఆ చరియల మాటను గమనింపక దాటిపోవుచున్నాము.

కనుక దోషము పూర్వకవులది గాదు. చూడక అనుకరించు మనది. కొన్ని యేండ్ల క్రిందట నేను మన కందవార చెరువును వర్ణించుచు ఒక సీసపద్యము వ్రాసి, అందులో హంసలను ఈదించితిని. సభలో చప్పట్లు కొట్టిరి. ఇంటికి వచ్చిన పిదప మనుమడు, "తాతా, నువ్వు ఆడ హంసను చూసినావా?" అని అడిగెను. నేను చూడలేదు. చూచినవి కొంగలు, నీటికాకులు. ఛందస్సు తప్పలేదు గాని పద్యము తప్పినది.

మన సీమలో వర్ణింపదగిన ప్రాణి లేదా? సుమారు 4,850 అడుగుల ఎత్తుగల నందికొండపై పసుపు గొంతుక గల పికిలిపిట్ట యున్నది. దక్షిణభారతమునందలి బండరాళ్ళు, పొదలు గల కొండలే దాని నెలవు. ప్రపంచములో మరెక్కడను అది లేదు. నేను చదివిన ఏ పద్యములోను దాని మాట కనబడలేదు.

బాగేపల్లి దాటి ఆంధ్ర సరిహద్దులోనికి పోయినచో, చిలమత్తూరు మండలములో వీరాపురమను పల్లె కలదు. అక్కడ ఇండ్ల నడుమ చింతచెట్లపై పసుపు ముక్కు, తోకవద్ద గులాబివన్నె యీకలు గల పెద్ద కొంగలు ఏటేటా గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. వానిరాక శుభమని ఊరివారు వానిని కాపాడుచున్నారు. చాలమంది వానిని సైబీరియా పక్షులందురు. నేనును మనుమనికి అట్లే చెప్పితిని. అది తప్పని తరువాత తెలిసినది. అవి ఎర్రకాళ్ళ కొంగలు, మన దేశపు పక్షులే. నీటిని, చేపలను వెదకుచు ఈ దేశములోనే తిరుగును.

పేరు తప్పుట చిన్న దోషముగా తోచవచ్చును. కాని అది దూరదేశపు అతిథి యనుకొన్నచో, మన చెరువు ఎండినను దాని యిల్లు వేరొకచోట నున్నదిలే యని ఊరకుందుము. మన చెరువు చేపపై బ్రతుకు మన పక్షి యని తెలిసినచో, చింతచెట్టు మాత్రమే గాక చుట్టునున్న చెరువులును దాని యిల్లే యని గ్రహింతుము. చెట్టును కాచి చెరువును విడిచినచో గూటిలోని పిల్లకు తిండి లేదు.

రాయలు తమిళసీమను చూచి తెలుగున చెప్పెను. కన్నడసీమలో నున్న మనము ఇచ్చటి కొండలను, చెరువులను చూచి తెలుగున చెప్పుట తగిన పని. మన యిండ్లలోని పెద్దలకు పొదలకు, పిట్టలకు, గడ్డికి గల తెలుగు పేర్లు ఇంకను తెలియును. పిల్లలకు బడిలో అవి చెప్పువారు లేరు. పెద్దలతో ఆ పేర్లు పోకముందే అడిగి వ్రాసికొనవలెను. రాబోవు సంచికకు పద్యము వ్రాయువారు ముందుగా ఒక పూట చెరువుగట్టుపై కూర్చుండవలెనని నా ప్రార్థన.

నా సీసపద్యమునుండి హంసలను తీసివేసితిని. వాని స్థానమున నీటికాకులు గణములలో ఇంకను కుదురలేదు. ప్రయత్నించుచున్నాను.