దారిలో చీకటి పడితే

దూర ప్రయాణం ఎక్కడ ఆగక తప్పదో, అక్కడే బాటసారికి ఒక ఆసరా కావాలి. నార్వే, స్వీడన్ కొండల్లో మనిషిని ఆపేది మంచు. అక్కడి పర్యాటక సంఘాలు ఒకటి 1868లో, మరొకటి 1885లో పుట్టాయి. కాలినడకన, స్కీల మీద తిరిగేవారికి ఒక్కరోజు నడక దూరాన విడిదులు కట్టాయి. చాలా విడిదుల్లో వచ్చినవారే నీళ్ళు తెచ్చుకుంటారు, కట్టెలు కొట్టుకుంటారు. తర్వాత వచ్చేవారి కోసం కొన్ని కట్టెలు పేర్చి మరీ కదులుతారు.

గోదావరి సీమలో మనిషిని ఆపింది నీరు. ధవళేశ్వరం దిగువన నది గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య ఉన్నదే కోనసీమ. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన 1900లో వచ్చింది. రోడ్డు దారి కావాలంటే 1974 దాకా ఆగాల్సివచ్చింది. వంతెనలు లేని రోజుల్లో లంకల ప్రయాణమంతా రేవులమీదే నడిచేది. పడవ తప్పినా, వరద పెరిగినా ఆ రాత్రికి ఒడ్డే గతి. అలాంటప్పుడు దిక్కు సత్రమో, ఎవరింటి అరుగో.

ఈ ఆతిథ్యానికి మారుపేరు డొక్కా సీతమ్మ. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరానికి డొక్కా జోగన్న పంతులు భార్యగా వచ్చారు. వైనతేయ తీరాన ఉన్న ఆ ఊరు రేవు దాటేవారికి మజిలీ. వేళకాని వేళ వచ్చినా, ఏ కులం వారైనా, ఆ ఇంట అన్నం పెట్టేవారు. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దవాళ్ళు, ‘గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు’ అని ఓదార్చడం చెవిన పడిందట. ఆమె యాత్ర మానుకుని వెనక్కి తిరిగారని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అన్నదానం మంచి మనసు ఒక్కదానితో నడవదు. ఎంతమంది వస్తారో తెలియకుండా వండాలి. వానాకాలానికి ఎండుకట్టెలు ముందే దాచాలి. గాదెలో బియ్యం, జాడీలో ఊరగాయ, కుండలో మజ్జిగ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అపరాత్రి తలుపు తట్టినవారికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, విస్తరి వేసి, పేరడగకముందే వడ్డించాలి. దీనికి వెనక పంట కావాలి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు ఈ సీమకు ఆ పంటనిచ్చాయి.

సీతమ్మ 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయపై కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ 2024లో ఆమె పేరే పెట్టారు.

వంతెనలు వచ్చాక రేవులో చిక్కుకునే బాధ తగ్గింది కానీ బాటసారి ఆకలి తీరిపోలేదు. పన్నెండేళ్ళకోసారి వచ్చే గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లో వస్తున్నాయి. ఘాట్లతోపాటు పాత సత్రాలనూ బాగుచేయాలి. నదీతీరాన ఉన్న ప్రతి ఊరూ వచ్చినవారికి ఒక పూట అన్నం, ఒక రాత్రి నీడ ఇవ్వడానికి ఇప్పటినుంచే సిద్ధం కావాలి.